ఉతికిన చొక్కా

ఈమె గురించి చెప్పాలంటే ముందు ఈమె బకెట్టు గురించి చెప్పాలి. నీలం ప్లాస్టిక్ బకెట్టు. పిడి విరిగితే తాడు కట్టింది గానీ పారెయ్యలేదు. కుట్టు నేర్చుకుందామని ఆ ఇంటి గడప తొక్కిన ఎవరికైనా ముందు కనిపించేది కుట్టుమిషను కాదు, ఆ బకెట్టే. "గుడ్డ తెచ్చారా? తడిపారా? తడపలేదా? అయితే అందులో పడెయ్యండి" అని, ఆ తర్వాతే "కూర్చోండి" అనేది. మర్యాద తెలియక కాదు. గుడ్డ నీళ్లలో పడితే తప్ప ఆమెకి మర్యాద గుర్తుకొచ్చేది కాదు, అంతే. అందుకని నేర్చుకునేవాళ్లంతా చాటున ఆమెకి తడుపు టీచరని పేరు పెట్టారు. చాటున పెట్టిన పేరు ఎన్నాళ్లు చాటున ఉంటుంది? ఏడాది తిరక్కుండానే కొరియరు తెచ్చినతను వీధిలో నిలబడి "తడుపు టీచరు గారిల్లు ఇదేనాండీ" అని కేకేశాడు. ఆమె కోపం తెచ్చుకోలేదు. "ఇదే" అని సంతకం పెట్టి తీసుకుంది.

ఆ పిచ్చి ఊరికే పట్టలేదు. పెళ్లైన కొత్తలో ముందుగదికి కర్టెన్లు కుట్టింది. తన చేత్తో తాను కుట్టిన మొదటి వస్తువు. నేలని తాకీ తాకకుండా, అంగుళం తేడా రాకుండా కొలిచి కుట్టింది. వచ్చినవాళ్లందరికీ చూపించింది. నెల తర్వాత ఉతికి ఆరేసి మళ్లీ తగిలిస్తే అవి జానెడు పైకెక్కి కూర్చున్నాయి. కొత్త నూలుగుడ్డ మొదటిసారి తడిస్తే ముడుచుకుంటుందని అప్పటికి ఆమెకి ఎవరూ చెప్పలేదు. మొగుడు గుమ్మంలో నిలబడి చూసి, "కర్టెన్లు బాగానే ఉన్నాయి, కిటికీయే ఎదిగినట్టుంది" అన్నాడు. ఆ మాటకి ఆయనతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్న మాట్లాడిన మొదటి మాట, "ముందు తడపాలి, తర్వాతే కత్తెర." ముప్ఫై ఏళ్లు ఆ మాట మీదే బతికింది.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు కుట్టి బతకాలనుకునేవాళ్లు కారు. ఉద్యోగాలు అయిపోయినవాళ్లు, సాయంత్రం గంటసేపు బుర్రకి విశ్రాంతి కావాలనుకునేవాళ్లు. బ్యాంకులో మేనేజరు చేసి దిగిపోయిన పెద్దాయన ఒకరు, పళ్ల డాక్టరమ్మ ఒకరు, ఒకరి మీద ఒకరు పితూరీలు చెప్పుకుంటూనే ఒకే మిషను మీద పనిచేసే అత్తాకోడళ్లు ఇద్దరు. ముందుగదిలో భోజనాల బల్లే కత్తిరించే బల్ల. దాని పక్కన రెండు మిషన్లు. దిండు గలీబులు, కూరగాయల సంచులు, వంటింట్లో నడుముకి కట్టుకునే ఏప్రాన్లు, వేడి గిన్నె దించుకునే మందపాటి గుడ్డలు... ఇవే పాఠాలు.

నోరు మాత్రం సూది కన్నా చురుకు. "సూది వంక చూస్తే కుట్టు పాములా పోతుంది డాక్టరమ్మా, గుడ్డని అదిమి పట్టే పాదం ఉందే, దాని అంచు వంక చూడండి. మీరు పన్ను పీకేటప్పుడు పేషెంటు మొహం చూస్తారా, పన్ను చూస్తారా?" అనేది. "మూల తిప్పేటప్పుడు సూది గుడ్డలోనే దింపి ఉంచి పాదం ఎత్తండి" అని రోజుకి పదిసార్లు చెప్పేది. మేనేజరు గారు ఒకసారి సంచికి నాలుగు వైపులా కుట్టేసి, మూతి ఎక్కడుందా అని వెతుక్కుంటుంటే, "పోనీలెండి, దీంట్లో పెట్టింది దొంగలక్కూడా దొరకదు" అంది. ఆయన వారం రోజులు దాన్ని అందరికీ చూపించి నవ్వుకున్నాడు. ఆమె కసురుకుంటే ఎవరికీ బాధ కలిగేది కాదు. తెల్లారి మళ్లీ వచ్చేవాళ్లు.

ఇక అక్క సంగతి. ఆమెకి అక్క ఒక్కతే, ఆరేళ్లు పెద్దది. రెండు వీధుల అవతల ఇల్లు. చెల్లెలికి ఎంత నోరుందో అక్కకి అంత మౌనం. ఆ అక్క మొగుడు, అంటే ఈమెకి బావ, పుస్తకాలు బైండు చేసే పనివాడు. ఊళ్లో ఒక ప్రెస్సు వెనక గదిలో ముప్ఫై ఎనిమిదేళ్లు ఒకే బల్ల దగ్గర నిలబడి కాగితాలు మడిచాడు, దారంతో కుట్టాడు, మైదా జిగురు పూశాడు. "నువ్వు గుడ్డ కుడతావు, నేను కాగితం కుడతాను, ఇద్దరం దర్జీలమే" అని మరదలితో అనేవాడు. రోజూ సాయంత్రం ఆరుంబావుకి ఇంటికి వచ్చేవాడు. వచ్చి చొక్కా విప్పి తలుపు వెనక మేకుకి తగిలించేవాడు. అక్క దాన్ని పొద్దున్నే తీసి ఉతికేది. ఇన్నేళ్లలో ఒక్కరోజు తప్పలేదు.

తప్పింది ఒక్కరోజే. ఆ పొద్దున నీళ్లు రాలేదు. బావ వేరే చొక్కా తొడుక్కుని పనిలోకి వెళ్లాడు. పదకొండు గంటలకి బల్ల దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. మేకుకి తగిలించిన చొక్కా మాత్రం అలాగే ఉంది. లేత బూడిదరంగు నూలు చొక్కా, జేబు మీద బొటనవేలంత జిగురు మరక. అందులో ఆయన చెమట, కాగితం దుమ్ము, జిగురు, ఆయన పీల్చే ముక్కుపొడి, అన్నీ కలిసిన వాసన ఉంది. ఒంటి మీదున్న చొక్కా ఆయనతోనే పోయింది, మిగతావన్నీ ఉతికి మడిచి బీరువాలో ఉన్నాయి. వాటిలో సబ్బు తప్ప ఏమీ లేదు. అక్క ఆ ఒక్క చొక్కాని పట్టుకుని వేలాడింది.

వేలాడింది అంటే నిజంగా వేలాడింది. నాలుగు నెలల్లో మనిషి సగమైంది. చొక్కా ఒళ్లో ఉంటే నాలుగు ముద్దలు తినేది. మంచం మీద పక్కన పెట్టుకుంటే కాస్త కునుకు తీసేది. లేకపోతే అదీ లేదు. అక్క కూతురు ఆఫీసులో పనిచేస్తుంది, తల్లితోనే ఉంటుంది. "పిన్నీ, అది లేకపోతే అమ్మ ఉండదేమో అని భయంగా ఉంది" అని ఒకసారి చెప్పింది. ఈమె "అలా అనకూడదే" అని కసిరింది గానీ, ఆ భయం ఈమెకీ ఉంది.

ఆ నెలలో క్లాసులో పాఠం పాత చొక్కాతో దిండు గలీబు. తేలికైన పని, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చొక్కా గుండీలన్నీ పెట్టి, లోపలివైపు పైకి తిరగేసి, బల్ల మీద పరిచి, దిండు కొలతకి కుట్టు కోసం అర అంగుళం వదిలి చదరంగా గీసి, ముందు వెనకలు రెండు పొరలూ కలిపి కత్తిరించాలి. నాలుగు వైపులా కుట్టి, మూలలు కొంచెం కొట్టేసి, గుండీలు విప్పి తిరగేస్తే గలీబు తయారు. జిప్పు అక్కర్లేదు, గుండీలే మూత. జేబు ముందువైపు అలాగే ఉంటుంది. మొగుడి పాత చొక్కాతో ఈమె ఒకటి కుట్టి నమూనాగా కుర్చీలో పెట్టింది.

ఆదివారం చూడ్డానికి వచ్చిన అక్క ఆ దిండుని ఒళ్లోకి తీసుకుంది. జేబులో వేళ్లు పెట్టి చాలాసేపు కూర్చుంది. లేచి వెళ్లిపోయి, గంటలో తిరిగి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, దానికి రెండు ముళ్లు.

"దీన్నీ అలా కుట్టిపెడతావా?" అంది. "చంక దగ్గర కుట్టు వదిలిపోతోందే. రోజూ తీస్తున్నా, పెడుతున్నా. ఎక్కడ చిరిగిపోతుందోనని భయంగా ఉంది. దిండుకి తొడిగితే గట్టిగా ఉంటుంది కదా."

"ఉంటుందక్కా. లోపల పలచటి గుడ్డ వేసి కుడతాను. పదేళ్లు కదలదు."

"జాగ్రత్తే."

"నా చేతిలో గుడ్డ ఎప్పుడైనా పాడైందా?"

అక్క ఉతకొద్దని చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? దాన్ని ఎవరైనా ఉతుకుతారన్న ఆలోచన ఆమెకి కలలో కూడా వచ్చి ఉండదు. ఈమెకి తెలియదా? తెలుసు. అక్క ఆ చొక్కాలో మొహం దాచుకోవడం కళ్లారా చూసిన మనిషి. అన్నీ తెలిసినా ఆమె చేతులే ఆ పని చేశాయి. అది చెప్పడానికే ఇదంతా.

ముళ్లు విప్పి, చంక దగ్గర కుట్టు ఎంత వదిలిందో చూసి, ఛాతీ కొలిచి, ఎంత దిండు సరిపోతుందో ఆలోచిస్తూ చొక్కాని భోజనాల బల్ల మీద పెట్టింది. తెల్లవారితే సోమవారం. డాక్టరమ్మ ఆస్పత్రికి వెళ్తూ వాళ్లాయన చొక్కాలు రెండు ఇచ్చి పోయింది. మేనేజరు గారు తన బ్యాంకు చొక్కాలు మూడు తెచ్చారు. అత్తాకోడళ్లు ఒకటి తెచ్చారు, అది ఎవరి మొగుడిదన్న దాని మీద గుమ్మంలోనే గొడవ పడ్డారు. అన్నీ అదే బల్ల మీద పడ్డాయి. అంతలో మిషను రిపేరు చేసేవాడు ఫోను చేసి రేపు కాదు ఎల్లుండి వస్తానన్నాడు. పోయిన వారం కూడా ఎల్లుండే అన్నాడు. ఈమెకి ఒళ్లు మండింది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "నీ ఎల్లుండికి కేలెండర్లో పేజీ ఉందా?" అని వాడిని కడిగేస్తూ, చేతులకి అందినవన్నీ పోగుచేసి తీసుకెళ్లి బకెట్లో వేసింది. రెండు చెంచాల సబ్బుపొడి వేసింది. మోచేతి దాకా ముంచి నాలుగుసార్లు అదిమింది. నోరు వాడితో మాట్లాడుతోంది. చేతులు ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పని చేసుకుపోయాయి.

అరగంట తర్వాత కాలర్లు రుద్దడానికి కూర్చుంది. మొదట మేనేజరు గారివి అయ్యాయి. ఆ తర్వాత చేతికొచ్చిన దాన్ని తిప్పుతుంటే జేబు దగ్గర వేళ్లకి జారుడుగా తగిలింది. సబ్బు జారుడు కాదు, గంజిలా జిగట. మైదా జిగురు నీళ్లలో కరుగుతోంది.

ఆమె చొక్కా పైకెత్తి పట్టుకుంది. జాడిస్తే మిగిలిందేదైనా పోతుందేమోనని జాడించలేదు. పిండితే పోతుందేమోనని పిండలేదు. నీళ్లు కారుతున్న చొక్కాని అలాగే మొహానికి ఆనించుకుని పీల్చింది. నిమ్మకాయ సబ్బు వాసన. కాలరు పట్టుకుని పీల్చింది. చంకలు రెండూ పీల్చింది. నిమ్మకాయే. ముక్కులోకి సబ్బు నురగ పోయి దగ్గుతూ అక్కడే నేల మీద కూలబడింది.

మొగుడు పరుగెత్తుకొచ్చాడు. ఏమైందో ఆయనకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన కూడా గోడకి చేరగిలబడ్డాడు.

"ఏమండీ, మీరు చూడండి. మీ ముక్కు మంచిది. ఏమైనా ఉందా?"

ఆయన చొక్కా అందుకుని కళ్లు మూసుకుని చూశాడు. అబద్ధం చెబుదామనుకున్నాడు. పెళ్లాం మొహం చూసి చెప్పలేకపోయాడు. "ఆరితే ఏమైనా తెలుస్తుందేమో" అన్నాడు.

నీడలో ఆరేసింది. ఆరేదాకా దాని కిందే కూర్చుంది. ఆరాక మళ్లీ చూసింది. ఎండిన నూలు వాసన, షాపులో మడతలు పెట్టిన గుడ్డకుండే వాసన. ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేసిన మనిషి రెండు చెంచాల సబ్బుపొడికి కొట్టుకుపోయాడు.

ఆ సాయంత్రమే అక్క కూతురు ఫోను చేసింది. "పిన్నీ, అయిందా? అమ్మ అడుగుతోంది. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. కుట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

"మిషను బెల్టు తెగిందే" అంది ఈమె. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. బెల్టు నిజంగానే పాతది కాబట్టి అతికింది. "ఎల్లుండి ఇచ్చేస్తాను. అమ్మకి చెప్పు, ఏదో ఒకటి తినమను."

ఫోను పెట్టేసి తల పట్టుకుంది. చెప్పేస్తే ఏమవుతుంది? అక్క తిట్టదు. తిడితే బాగుండు. అక్క అలా చూస్తుంది, అంతే. ఆ చూపుని ఈమె భరించలేదు. చెప్పకుండా ఉండాలంటే ఒకటే దారి. పోయిన వాసన తేవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అంతకుముందు ఆమెకి తెలియదు. ఇప్పుడు తెలిసింది. కాలిన చేతులకి ఆకులు కూడా దొరకడం లేదు.

మంగళవారం పొద్దున్నే ప్రెస్సుకి వెళ్లింది. వెనక గదిలో బావ బల్ల అలాగే ఉంది. పక్క బల్ల దగ్గర ఆయనతో పాతికేళ్లు పనిచేసిన ముసలి బైండరు ఉన్నాడు. ఈమెని చూసి లేచి నిలబడ్డాడు.

"రండమ్మా. అక్కగారు ఎలా ఉన్నారు?"

సంచిలోంచి చొక్కా తీసి బల్ల మీద పెట్టి, జరిగిందంతా ఆయనకి చెప్పేసింది. అక్కకి చెప్పలేనిది ముఖపరిచయం మాత్రమే ఉన్న ముసలాయనకి చెప్పింది.

"మీరూ ఈ గదిలోనే ఉంటారు, ఈ జిగురే పూస్తారు. ఒక్కరోజు... ఒక్కరోజు ఇది తొడుక్కుని పనిచేయండి బాబాయి గారూ. మీకు దండం పెడతాను."

ముసలాయన చొక్కా వంక చూశాడు. చెయ్యి చాపలేదు. "నా చెమట ఆయన చెమట అవుతుందామ్మా?" అన్నాడు మెల్లిగా. "వద్దు. ఆ మహాతల్లి మొహానికి పెట్టుకునేదాంట్లో నేనుండకూడదు." కానీ ఉత్తచేతులతో పంపలేదు. బావ తువ్వాలు తగిలించుకునే మేకు చూపించాడు. దానికి చొక్కా తగిలించుకోమన్నాడు. ఈమె జేబు మీద పాత చోటనే వేలితో కొంచెం జిగురు రాసింది. కాగితం కత్తిరించిన పొట్టు జేబులో పోసింది. దోవలో కొన్న ముక్కుపొడి చిటికెడు కాలరు మీద చల్లింది. రేపు వస్తానని చెప్పి బయటికి వచ్చి, మెట్ల మీద నిలబడి తనని తాను అసహ్యించుకుంది. అసహ్యించుకుంటూనే బుధవారం వెళ్లి తెచ్చుకుంది.

ఇంటికొచ్చి పీల్చి చూసింది. జిగురుంది, కాగితముంది, ముక్కుపొడి ఉంది. అన్నీ విడివిడిగా ఉన్నాయి. బావ లేడు. అయినా ఆశ చావదు కదా! అక్క దుఃఖంలో ఉంది, ముక్కు ఎప్పుడూ దిబ్బడేసి ఉంటుంది, కనిపెట్టదేమో అనుకుంది.

అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది! చొక్కాని చొక్కాలా పట్టుకెళ్లి అక్క కాళ్ల మీద పెట్టి ఉంటే, వాసన పోయినా చొక్కా మిగిలేది. కానీ తప్పు చేసిన మనిషికి చెయ్యి ఖాళీగా ఉంటే భయం. గుండీలు పెట్టింది. తిరగేసి పరిచింది. సుద్దతో గీసింది. కత్తెర పెట్టే ముందు ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఆగిన చేతిని తోసింది. భుజాలు, చేతులు, కాలరు, చంక దగ్గర వదిలిన కుట్టు, అన్నీ బల్ల అంచున పడ్డాయి. కచ్చాకుట్టు వేసి, మిషను మీద నాలుగు వైపులా కుట్టి, మూలలు సూదిమొనలా తిప్పింది. అంత చక్కగా ఆమె ఎప్పుడూ కుట్టలేదు. మేనేజరు గారు చూస్తే చప్పట్లు కొట్టేవారు.

సాయంత్రం అయిదున్నరకి అక్క ఇంటికి తీసుకెళ్లింది. అక్క మంచం మీద కూర్చుని ఉంది. తల దువ్వుకోలేదు. పెదవులు ఎండిపోయాయి. దిండుని చూడగానే రెండు చేతులూ చాపింది. మూడు రోజుల్లో ఆమె అడిగింది, ఎదురుచూసింది అదొక్కటే. అక్క కూతురు వంటింట్లోంచి కంచంలో భోజనం పట్టుకుని వచ్చి, ఇక తింటుందన్న ధైర్యంతో గుమ్మంలో నిలబడింది.

అక్క ముందు జేబు తడిమింది. తర్వాత దిండుని మెల్లిగా పైకెత్తి మొహం ఆనించింది. పీల్చింది. ఆగింది. దిండు తిప్పి ఇంకోవైపు పీల్చింది. మళ్లీ ముందువైపుకి వచ్చింది. తలెత్తి చెల్లెల్ని చూసింది.

"ఎవరిదే ఇది?" అంది.

ఈమె చూపు జేబు మీది జిగురు మరక మీదికి దించింది.

"వేరేది తెచ్చినట్టున్నావు. ఆయనది ఏదీ?"

"అదే అక్కా."

"కాదే. నాకు తెలీదా?" అక్క గొంతులో కోపం లేదు. పొరపాటున వేరే సంచి తెచ్చిన మనిషికి చెప్పినట్టు చెప్పింది. "ఇంట్లో వెతుకు. అక్కడే ఎక్కడో ఉంటుంది."

"అదే అక్కా. ఉతికేశాను. చూసుకోలేదు. అందరివాటితో కలిపి..." అంటూనే మంచం పక్కన కూలిపోయింది. ప్రెస్సు, మేకు, జిగురు, ముక్కుపొడి, బెల్టు తెగిందన్న అబద్ధం, అన్నీ ఒకదాని మీద ఒకటి బయటపడ్డాయి. అక్క కూతురు "పిన్నీ!" అని అరిచింది.

అక్క అరవలేదు. "మిగిలిన ముక్కలేవి?" అంది.

సంచిలో ఉన్నాయి. ఎందుకో పారెయ్యడానికి చేతులు రాలేదు. అక్క సంచి ఒళ్లో బోర్లించుకుని ఒక్కొక్క ముక్కా తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. చెయ్యి ముక్కలు రెండూ చూసింది. భుజాల ముక్కలు చూసింది. కాలరు ఆఖర్న తీసింది. దాన్ని రెండు చేతుల్లో దాచి చాలాసేపు పట్టుకుంది. అక్కడైనా ఇంత మిగిలి ఉండాలని ఈమె మొక్కుకుంది. అక్క కాలరు కిందికి దించింది.

"నేను రోజుకి ఒక్కసారే వాసన చూసుకునేదాన్నే" అంది. "సాయంత్రం ఆయన వచ్చే వేళకి. ఒకే ఒక్కసారి. ఎక్కువ పీలిస్తే అయిపోతుందని భయం. తడి చేత్తో ముట్టుకోలేదు. దాని మీద ఏడవలేదు కూడా. కళ్లనీళ్లు పడితే పోతుందని అవతల పెట్టి ఏడ్చేదాన్ని. ఇలా అయితే ఏడాది వస్తుందనుకున్నాను."

గోడ గడియారంలో ఆరు దాటి పది నిమిషాలైంది. అక్క దాని వంక చూసింది.

"ఇప్పుడు ఆరుంబావుకి నేనేం చెయ్యనే?"

అక్క ముక్కలన్నీ మళ్లీ సంచిలో వేసి, దిండు కూడా అందులోనే కుక్కి, చెల్లెలి చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. ఇంక వెళ్లమని చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ తర్వాత నాలుగు రోజులకి అక్కని ఆస్పత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఈమె వెళ్తే అక్క కళ్లు మూసుకుంది. ఇంటికి తెచ్చాక కూతురు బలవంతం చేస్తే రెండు ముద్దలు తినేది. చెల్లెలి పేరెత్తితే మింగే ముద్ద కూడా ఆగిపోయేది. "కొన్నాళ్లు రావద్దు పిన్నీ" అని అక్క కూతురు బతిమాలింది. ఆ మాటకి ఈమె తల ఊపింది గానీ ఆగలేకపోయింది. క్లాసు అయిదుంబావుకే ముగించి, ఆరుంబావుకి అక్క గుమ్మం ముందు నిలబడేది. తలుపు కొట్టేది కాదు. ఆ వేళకి ఆ తలుపు అవతల అక్క ఏం చేస్తోందోనన్న భయమే ఆమెని ఇంట్లో కూర్చోనిచ్చేది కాదు. అరగంట మెట్టు మీద కూర్చుని తిరిగొచ్చేది. మొగుడు గొడుగు పట్టుకుని వెనకాలే వెళ్లిన వాన రోజులు కూడా ఉన్నాయి. "నీ పిచ్చి నీదిలే" అనేవాడు గానీ, వెళ్లొద్దని మాత్రం అనలేదు.

అలా నెలన్నర గడిచింది. ఒకరోజు ఆరుంబావు దాటాక తలుపు తెరుచుకుంది. ఈమె ఉలిక్కిపడి లేచింది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. పూర్తిగా చిక్కిపోయింది. కళ్లు మాత్రం దేన్నో వెతుకుతున్నట్టు కంగారుగా తిరుగుతున్నాయి.

"నీకు గుర్తుందే?" అంది. నెలన్నరలో చెల్లెలితో అన్న మొదటి మాట అది. "ఆయన వాసన ఎలా ఉండేదో నీకు గుర్తుందా? మొన్నటిదాకా కళ్లు మూసుకుంటే వచ్చేది. పొద్దున్నుంచి రావడం లేదు. ఎంత పట్టుకుందామన్నా దొరకడం లేదే. నువ్వు ప్రెస్సుకి వెళ్లావుగా, అన్నీ తెచ్చావుగా. నువ్వైనా చెప్పవే."

ఈమె నాలుక చివర మాటలు సిద్ధంగా ఉన్నాయి. జిగురు, కాగితం, ముక్కుపొడి. గుర్తుందక్కా అని మొదలుపెట్టి, వాటిని కలిపి ఒక బావని తయారుచేసి అక్క చేతిలో పెట్టొచ్చు. అక్క నమ్ముతుంది కూడా. ఈసారి నమ్మడానికి సిద్ధంగా ఉంది, ఆ కళ్లలోనే తెలుస్తోంది.

"లేదక్కా" అంది. "నాకు గుర్తులేదు. నాకెప్పుడూ తెలియదు. నీకొక్కదానికే తెలుసు."

అక్క తలుపు రెక్క పట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్లూ దాచుకున్నదంతా, కళ్లనీళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసుకోకుండా, నోరు తెరిచి ఏడ్చింది. ఈమెకి దగ్గరికి వెళ్లే ధైర్యం లేక మెట్టు మీదే నిలబడి తనూ ఏడ్చింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసి వెళ్లిపోయారు. చాలాసేపటికి అక్క మొహం తుడుచుకుని లోపలికి నడిచింది. తలుపు వెయ్యలేదు.